రెండోసారి ఓటు అడగబోయే కౌన్సిలర్ చేసుకోవలసిన ఏర్పాట్లు

మొదటిసారి పోటీ చేసినవారిని వార్డు ప్రజలు ఏం చేస్తారని అడుగుతారు. రెండోసారి వచ్చినవారిని ఏం చేశారని అడుగుతారు. ఈ తేడాను గమనించక, పాత కరపత్రాన్నే తేదీ మార్చి అచ్చు వేయించుకొని తిరిగే కౌన్సిలర్లు ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల చిన్న పట్టణాలలో ఇప్పటికీ కనిపిస్తారు. దేవరకొండ, హాలియా, చండూరు, అచ్చంపేట, నారాయణపేట, ఆత్మకూరు వంటి చోట్ల వార్డు అంటే కొన్ని వీధులు, ఒకటి రెండు బస్తీలు, ఒక చౌరస్తా. కౌన్సిలర్ ఇల్లు ఎక్కడుందో, అయిదేళ్లలో ఆ ఇంటి మీద ఎన్ని అంతస్తులు లేచాయో అందరికీ తెలుసు. శాసనసభ ఎన్నికలలో సాగే హోరు ఇక్కడ అంతగా సాగదు. మళ్లీ పోటీ చేయదలచిన కౌన్సిలర్ సుమారు ఏడాది ముందు నుంచి, ఫలితాల తరువాత ఖర్చుల లెక్క అప్పజెప్పే వరకు ఏ పని ఎలా చేసుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను. పార్టీ ఏదైనా, స్వతంత్ర అభ్యర్థి అయినా పద్ధతి ఒకటే.

ముందుగా వార్డు లెక్క

అన్నిటికంటే ముందు ఒక లావుపాటి నోటుపుస్తకం తీసుకొని, వీధికి రెండు పేజీల చొప్పున కేటాయించి, ఆ వీధివారు అడిగినదేమిటి, మీరు ఒప్పుకున్నదేమిటి, కౌన్సిల్ తీర్మానం దాకా వెళ్లినదేమిటి, పూర్తయినదేమిటి, ఆగినది ఎక్కడ ఆగిందీ రాసుకోవాలి. జ్ఞాపకం మీద ఆధారపడి రాస్తే చేసిన పనులు మాత్రమే గుర్తుకొస్తాయి; కనుక మున్సిపల్ కార్యాలయానికి వెళ్లి, మీ పదవీకాలంలోని ఎజెండాలను, తీర్మానాల రిజిస్టరును తిరగేసి, మీ వార్డు పేరు వచ్చిన ప్రతి అంశాన్నీ తేదీతో సహా ఎత్తి రాసుకోవాలి. అంచనా వేసిన మొత్తం, టెండరు దక్కిన మొత్తం, పని కొలతలు రాసే ఎం-బుక్‌లో నమోదైన కొలతలు, చెల్లించిన బిల్లు ఇంజనీరింగ్ విభాగంలో దొరుకుతాయి. కార్యాలయం ఎదుటి పార్టీవారి పలుకుబడిలో ఉండి కాగితాలు చూపించకపోతే, పది రూపాయల రుసుముతో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు. కౌన్సిలర్ అయి ఉండి ఆ దరఖాస్తు పెట్టడం చిన్నతనమని కొందరు అనుకుంటారు. రేపు చౌరస్తాలో నిలదీసినప్పుడు చేతిలో కాగితం లేకపోవడం అంతకంటే చిన్నతనం.

శాసనసభ్యుడికి ఉన్నట్టు కౌన్సిలర్‌కు సొంత నియోజకవర్గ నిధి ఉండదు. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) అంచనా, కౌన్సిల్ తీర్మానం, సాంకేతిక అనుమతి, టెండరు, ఒప్పందం, పని, బిల్లు అనే వరుసలో ఎక్కడ చిక్కు పడినా వీధిలో కనిపించేది తవ్వి వదిలేసిన గుంత మాత్రమే. ఆర్థిక సంఘం గ్రాంట్లలో కొంత భాగాన్ని తాగునీటికి, పారిశుధ్యానికే వాడాలన్న షరతు ఉంటుంది కాబట్టి, డబ్బు ఉన్నా మీరు అడిగిన సీసీ రోడ్డుకు అది రాకపోవచ్చు. ఈ వరుసను మీరు తెలుసుకొని, రెండు మాటలలో చెప్పడం అలవాటు చేసుకుంటే, "పైవాళ్లు ఇవ్వలేదు" అన్న పాత సాకుకు బదులు "టెండరు రెండుసార్లు పిలిచారు, పాత బిల్లులు రానందున కాంట్రాక్టర్లు ముందుకు రాలేదు" అని సూటిగా చెప్పగలుగుతారు. జనం మొదటి మాటను నమ్మరు. రెండో మాట మీద కోపం తెచ్చుకుంటారు గానీ నమ్ముతారు.

నీళ్లు, మోరీలు

పుస్తకం తయారైన తరువాత వీధి వీధీ నడిచి చూడాలి. అందులోనూ నల్లాలను, మోరీలను చూడడానికే ఎక్కువ కాలం కేటాయించాలి. దశాబ్దాల పాటు ఫ్లోరైడ్ నీటితో ఎముకలు వంగిపోయినవారిని చూసిన చండూరు, మునుగోడు ప్రాంతంలోనూ, నీళ్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన పాలమూరులోనూ నల్లా నీటిని చిన్న సమస్యగా మాట్లాడే కౌన్సిలర్‌కు మళ్లీ ఓటు అడిగే ముఖం ఉండదు. మిషన్ భగీరథ పైపులు వచ్చిన తరువాత ప్రశ్న మారింది: నీళ్లు వస్తాయా అన్నది పోయి, చివరి ఇంటికి ఎంతసేపు వస్తాయన్నది మిగిలింది. నీళ్లు వదిలే వేళకు వాటర్ లైన్‌మన్‌ను వెంటబెట్టుకొని పైపులైను చివరన ఉన్న ఇంటి ముందు నిలబడి, ఎన్ని బిందెలు నిండుతున్నాయో లెక్కపెట్టండి. పైవీధిలో ఎవరో నల్లాకు నేరుగా మోటారు బిగించుకొని ఉంటారు. వారు మీకు దగ్గరివారే అయి ఉండవచ్చు కూడా. ఆ మోటారు తీయించగలిగితే ఒక ఇంటి ఓట్లు పోవచ్చు గానీ, ఆ వరుసలో కిందనున్న ఇళ్లన్నీ గమనిస్తాయి.

మోరీల విషయంలో ఒక చిన్న పరీక్ష ఉంది. వేసవిలో, వీధి ఎగువ చివర నాలుగైదు బకెట్ల నీళ్లు మోరీలో పోయించి, ఆ నీళ్లతో పాటు దిగువకు నడవండి. ఎక్కడ నీరు నిలిచిందో అక్కడ వాలు తప్పింది; ఎక్కడ వెనక్కి మళ్లిందో అక్కడ కల్వర్టు పూడింది. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే మరో పొర వేసిన వీధులలో రోడ్డు ఇంటి గడప కంటే ఎత్తయి, వానాకాలంలో నీళ్లు నేరుగా ముందు గదిలోకి వస్తాయి. శిలాఫలకం మీద మీ పేరున్న సీసీ రోడ్డే అలా ఉంటే, మీరు దానిని ఘనతగా చెప్పుకోవడానికి వెళ్లిన ఇంట్లో మిమ్మల్ని తడి గోడ దగ్గరికి తీసుకువెళ్లి చూపిస్తారు. ఆ వీధిలో రోడ్డు గురించి గొప్పలు చెప్పుకోకుండా, ప్రక్క మోరీని లోతు చేయించే పనిని ఎన్నికల నోటిఫికేషన్‌కు ముందే తీర్మానం చేయించుకోవాలి. నోటిఫికేషన్ వచ్చి ప్రవర్తనా నియమావళి అమలులోకి వచ్చాక కొత్త పనులు మొదలుపెట్టడానికి వీలుండదు. అప్పుడు కొబ్బరికాయ కొట్టబోతే ఫిర్యాదు తప్పదు.

వీధిదీపాలు, చెత్త బండి వేళలు వంటి వాటికి పారిశుధ్య పనులు చూసే మున్సిపల్ జవాన్‌తో, ఎలక్ట్రీషియన్‌తో ఎప్పటికప్పుడు మాట్లాడుతుంటే సరిపోతుంది. మొక్కల సంగతి మాత్రం మరవకూడదు. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019 ప్రకారం వార్డులో నాటిన మొక్కలలో కనీసం 85 శాతం బతికించే బాధ్యత వార్డు సభ్యుడి మీద కూడా ఉంది. మోడు మిగిలిన ట్రీగార్డులు మీ ప్రత్యర్థి సెల్‌ఫోనులోకి ఫోటోలై చేరకముందే మీరే వెళ్లి చూసుకోవడం మంచిది. అన్నట్టు, పుట్టినరోజు ఫ్లెక్సీ కింద మోరీ పొంగుతున్న దృశ్యానికి మించిన వ్యతిరేక ప్రచారం ఇంకొకటి లేదు. ఫ్లెక్సీ కట్టే ముందు కిందికి ఒకసారి చూడమని మీ అనుచరులకు చెప్పండి.

విలీన గ్రామాలు

2018లో కొత్త మున్సిపాలిటీలు ఏర్పడినప్పుడు చుట్టుపక్కల పల్లెలను వాటిలో కలిపారు. మీ వార్డులో అటువంటి పల్లె ఉంటే దానికి వేరే పద్ధతి కావాలి. మున్సిపాలిటీలో కలిశాక అక్కడి కూలీలకు గ్రామీణ ఉపాధి హామీ పని పోయింది, ఇంటిపన్ను పెరిగింది, మున్సిపల్ ఆఫీసు దూరమైంది. ఎదురుగా వచ్చిన లాభమేమిటో కంటికి కనిపించదు. ఈ మూడూ మీ నిర్ణయాలు కావు, అయినా వాటి బరువు మీ మీదే పడుతుంది. అక్కడికి సీసీ రోడ్డు జాబితాతో వెళ్లడం కంటే, పన్ను కాగితాలతో వెళ్లడం మేలు. బిల్ కలెక్టర్‌ను వెంటబెట్టుకొని ఒక ఆదివారం రచ్చబండ దగ్గర కూర్చొని, కొలతలు తప్పుగా పడిన ఇళ్లకు సవరణ దరఖాస్తులు రాయించి, ఆ ఏడాది ఇంటిపన్నును ఏప్రిల్‌లోగా కట్టేవారికి వచ్చే 5 శాతం రాయితీ గురించి చెప్పించండి.

ఇంటి అనుమతుల విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. 2020 నవంబరులో వచ్చిన టీఎస్-బీపాస్ విధానంలో 75 చదరపు గజాల లోపు స్థలంలో ఇల్లు కట్టుకునేవారికి అనుమతి అక్కరలేదని, ఒక్క రూపాయితో నమోదు చేసుకుంటే చాలని అన్నారు. 600 చదరపు గజాల వరకు స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి వచ్చేలా చేశారు. అయినా స్లాబు వేసే రోజున కౌన్సిలర్ మనిషి వచ్చి చేయి చాచే అలవాటు కొన్నిచోట్ల పోలేదు. మీ పేరు చెప్పి మీ అనుచరుడు ఎవరి దగ్గరైనా తీసుకున్నాడేమో ముందుగా వాకబు చేయండి, తీసుకొని ఉంటే తిరిగి ఇప్పించండి. నా అంచనాలో కౌన్సిలర్లను ఓడించే కారణాలలో ఇది మోరీ కంటే పెద్దది. కాకపోతే ఎవరూ ముఖం మీద చెప్పరు, బ్యాలెట్ మీద చెప్తారు.

రాలేదన్న ఇంటికి వెళ్లడం

పింఛను, రేషన్ కార్డు, ఇందిరమ్మ ఇల్లు కౌన్సిలర్ మంజూరు చేసేవి కావు. వచ్చినప్పుడు "నేనే ఇప్పించాను" అని చెప్పుకున్న కౌన్సిలర్, రానివారికి కూడా తానే ఆపినట్టు ఒప్పుకున్నట్టవుతుంది. ఈ సంగతి ఎన్నికల సంవత్సరంలోనే తెలిసొస్తుంది. దరఖాస్తు పెట్టి రానివారి జాబితాను మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ఆర్పీల, అంటే రిసోర్స్ పర్సన్ల, సహాయంతో తయారు చేసుకొని, ప్రచారం మొదలుకాక మునుపే ఆ ఇళ్లన్నిటికీ మీరు స్వయంగా, జెండా లేకుండా, ఒకరిద్దరితో మాత్రమే వెళ్లాలి. అనుచరులను పంపితే ఫలితం ఉండదు.

అక్కడ వినిపించే మాట ఇలా ఉంటుంది: "రాసుకవోయినవు గద బిడ్డా, రెండేండ్లాయె, ఏమాయె మరి?" దీనికి "వస్తది అవ్వా, అయితది" అన్న జవాబు అంతకుముందే చాలాసార్లు చెప్పి ఉంటారు కాబట్టి మళ్లీ చెప్పకూడదు. పుస్తకం తెరిచి, "అవ్వా, నీ దరఖాస్తు నంబరు ఇది, ఆధార్ల వయసు తక్కువ పడ్డది, అందుకే ఆగింది, సోమవారం నీ మనుమణ్ని పంపు, మీసేవల సవరణ పెట్టిద్దాం" అని చెప్పి, సోమవారం నాడు తప్పక అక్కడ ఉండాలి. అర్హత లేక తిరస్కరించి ఉంటే అది కూడా మర్యాదగా చెప్పేయాలి. రాదని తెలిసిన ఇల్లు కోపంతో ఉంటుంది, వస్తుందని మభ్యపడిన ఇల్లు పగతో ఉంటుంది. కోపం ఎన్నికల నాటికి తగ్గే అవకాశం ఉంది.

మహిళా కౌన్సిలర్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. తెలంగాణలో పట్టణ స్థానాలలో సగం మహిళలకు కేటాయించినా, వార్డులో తిరిగేది భర్తో, మరిదో అయిన చోట్ల రెండోసారి పోటీ చేసినప్పుడు "అమ్మ ఎవరో మాకు తెల్వదు" అన్న మాట వస్తుంది. కౌన్సిల్ సమావేశంలో మీరు లేచి అడిగిన ప్రశ్న, మీ సంతకంతో వెళ్లిన వినతిపత్రం, బస్తీ మహిళా సంఘాల స్లమ్ సమాఖ్య సమావేశంలో మీరు మాట్లాడిన మాట మాత్రమే మీ ఖాతాలో పడతాయి. ఇంట్లో మగవారు బండి నడపడం వరకే ఉండాలని ఇంట్లోనే తేల్చి చెప్పుకోవడం ఈ ఏర్పాట్లలో మొదటిది.

గడువు, రిజర్వేషన్, ఓటరు జాబితా

రాజ్యాంగంలోని 243-యు అధికరణం ప్రకారం పాలకవర్గం ఆయుస్సు అయిదేళ్లే. 2020 జనవరి 22న పోలింగ్ జరిగి ఎన్నికైన పాలకవర్గాల గడువు 2025 జనవరిలో ముగిసినప్పుడు వెంటనే ఎన్నికలు జరగలేదు. ప్రత్యేక అధికారుల చేతికి పాలన వెళ్లింది. జడ్చర్ల, అచ్చంపేట, నకిరేకల్ పట్టణాలలో 2021 ఏప్రిల్ 30న పోలింగ్ జరిగినందున వాటి లెక్క వేరు. ఇటువంటి విరామంలో మీకు కుర్చీ ఉండదు, సంతకానికి విలువ ఉండదు, కానీ నల్లా రాకపోతే జనం మీ ఇంటికే వస్తారు. "ఇప్పుడు నేను కౌన్సిలర్‌ను కాను" అని తలుపు వేసుకున్నవారు తరువాత అదే తలుపు తెరిచి ఓటు అడగలేరు. మాజీ హోదాలోనే దరఖాస్తు రాసి, వార్డు అధికారికి ఇచ్చి, రసీదు తెచ్చి చేతిలో పెట్టడం చాలు.

వార్డుల పునర్విభజన జరిగితే మీ వీధులు కొన్ని పక్క వార్డుకు పోవచ్చు. రిజర్వేషన్ మారితే వార్డే మీకు దక్కకపోవచ్చు. మున్సిపాలిటీలో ఎక్కడ ఓటరుగా ఉన్నా మీ రిజర్వేషన్‌కు సరిపోయే ఏ వార్డులోనైనా పోటీ చేయవచ్చు గానీ, ప్రతిపాదకుడు మాత్రం ఆ వార్డు ఓటరై ఉండాలి. కనుక సరిహద్దు వీధుల అవతలివారితో కూడా సంబంధం నిలుపుకోవడం తెలివైన పని. ముసాయిదా ప్రకటన వచ్చినప్పుడు అభ్యంతరాలకు ఇచ్చే గడువు కొద్ది రోజులే ఉంటుంది. మ్యాపు, ఇంటి నంబర్లు ముందే సిద్ధం చేసుకోనివారు ఆ గడువును వృథా చేసుకుంటారు.

మున్సిపల్ ఎన్నికలకు శాసనసభ ఓటరు జాబితానే వార్డుల వారీగా విడదీసి వాడతారు. ఈ విడదీతలో ఒకే ఇంట్లోని భార్యాభర్తలు రెండు వార్డులలో పడడం మామూలే. ముసాయిదా జాబితా రాగానే ఇంటింటికీ సరిచూసి, వార్డు తప్పినవారి పేర్లను మున్సిపల్ కమిషనర్ దృష్టికి లిఖితపూర్వకంగా తీసుకువెళ్లాలి. అసలు పేరే లేనివారిచేత ఫారం-6, చిరునామా మారినవారిచేత ఫారం-8 పెట్టించాలి. ముంబై, పుణెలకు వలస వెళ్లిన పాలమూరు కూలీల, భివండి మరమగ్గాల మీద పనిచేసే నల్లగొండ నేత కుటుంబాల పేర్లు తొలగిపోకుండా చూడడం ఇందులో ముఖ్యం. వారికి ఫోను చేసి పోలింగు తేదీ చెప్పవచ్చు. బస్సు మాట్లాడి ఓటర్లను రప్పించడం మాత్రం ఎన్నికల నేరాల పద్దులో చేరుతుంది.

టికెట్టు, నామినేషన్

గ్రామ పంచాయతీకి భిన్నంగా మున్సిపల్ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరుగుతాయి. సిట్టింగ్ అయినంత మాత్రాన టికెట్టు ఖాయమని నమ్మి కూర్చోకూడదు. పార్టీ సర్వే చేయించే నాటికి మీ నోటుపుస్తకం సారాంశాన్ని రెండు పేజీలలో నియోజకవర్గ ఇన్‌చార్జికి అందజేస్తే, చెప్పుడు మాటల బలం కొంత తగ్గుతుంది. పార్టీ తన అభ్యర్థి అని ధ్రువీకరించే బీ-ఫామ్‌ను ఉపసంహరణ గడువు ముగిసేలోగా రిటర్నింగ్ అధికారికి అందించాలి. ఆఖరి మధ్యాహ్నం దాకా దానిని చేతికి ఇవ్వకుండా ఆడించడం అన్ని పార్టీలలోనూ ఉన్నదే. దక్కకపోతే స్వతంత్రంగా నిలబడతారా, ఉపసంహరించుకుంటారా అన్నది ఆ మధ్యాహ్నం కోపంలో తేల్చుకునే విషయం కాదు. ఇంటివారితో, పది మంది ముఖ్యులతో ముందే మాట్లాడి ఉంచుకోవాలి.

నామినేషన్ పత్రాలలో తిరస్కరణకు దారితీసేవి చాలావరకు చిన్న లోపాలే. మున్సిపాలిటీకి బకాయి లేదన్న ధ్రువపత్రం, రిజర్వుడు స్థానమైతే కుల ధ్రువపత్రం, ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు వివరాలతో అఫిడవిట్, డిపాజిట్ రసీదు ముందే సిద్ధంగా ఉండాలి. మీ ఇంటిపన్నుతో పాటు మీ పేరున ఉన్న దుకాణం అద్దె, నల్లా బిల్లు కూడా చూసుకోండి. మున్సిపల్ పనులలో మీకు కాంట్రాక్టు సంబంధం ఉంటే అనర్హత ప్రశ్న వస్తుంది కాబట్టి న్యాయవాది సలహా తీసుకోవాలి. అఫిడవిట్‌లో ఖాళీ గడులు వదలకుండా, లేని చోట "లేదు" అని రాయాలి.

ప్రచారం, పోలింగు

ప్రచారంలో ఒకే కరపత్రం చాలు: వీధి పేరు, అయిన పని, కాని పని, కానందుకు కారణం. కాని పనులను అచ్చు వేయించడానికి చాలామంది భయపడతారు. వార్డులో ఆ సంగతి తెలియనివారు ఎవరూ లేరు. మీరు దాచినట్టు కనిపించడమే నష్టం. కొత్త వాగ్దానాలు రెండు మూడింటికి మించకుండా చూసుకోండి.

చివరి రాత్రుల డబ్బు, మద్యం గురించి మౌనంగా ఉండలేము. భారతీయ న్యాయ సంహితలోని 170వ సెక్షన్ కింద ఓటుకు లంచం ఇవ్వడం నేరం, పుచ్చుకోవడమూ నేరమే. నేరమన్న మాట అటుంచినా, సిట్టింగ్ కౌన్సిలర్ పంచే ప్రతి నోటు "అయిదేళ్లలో ఎంత సంపాదించి ఉంటే ఇది ఇస్తున్నాడు" అన్న ప్రశ్నను ఇంట్లోకి వెంట తీసుకువెళ్తుంది.

2020 మున్సిపల్ ఎన్నికలు బ్యాలెట్ పత్రాలతో జరిగాయి. చిన్న వార్డులలో గెలుపు పదుల ఓట్లలో తేలుతుంది కాబట్టి చెల్లని ఓట్లను తగ్గించుకోవడం కూడా ప్రచారంలో భాగమే. ముద్ర ఒకే గుర్తు గడిలో, గీత మీద పడకుండా వేయాలని, పత్రాన్ని ముందు నిలువుగా, తరువాత అడ్డంగా మడవాలని పెద్దవారికి ఇంటి దగ్గరే చూపించాలి. పోలింగ్ ఏజెంటుగా గొంతు పెద్దవారిని పెట్టడం కంటే వార్డులోని ముఖాలన్నీ తెలిసినవారిని పెట్టాలి.

ఖర్చుల లెక్కను నామినేషన్ నాటి నుంచే ప్రత్యేక బ్యాంకు ఖాతా ద్వారా, రోజువారీ రిజిస్టరులో రాసుకుంటూ పోవాలి. ఫలితాలు వెలువడిన 45 రోజులలోగా ఆ లెక్కను వోచర్లతో సహా సమర్పించాలి. గెలిచినవారు సన్మానాలలో, ఓడినవారు నిరాశలో దీనిని మరచిపోతుంటారు. సమర్పించనివారిపై రాష్ట్ర ఎన్నికల సంఘం మూడేళ్ల అనర్హత వేటు వేస్తుంది. కాగితాలు అప్పజెప్పి ఊరుకోకుండా, తేదీ, ముద్ర ఉన్న రసీదు తీసుకొని దాని నకలును ఇంట్లో ఒకటి, న్యాయవాది దగ్గర ఒకటి ఉంచండి.